మహాసముద్రం ఫేసింగ్ ప్లాటు

రియల్ ఎస్టేట్ శాస్త్రంలో న్యూటన్ కూడా రాయకుండా వదిలేసిన సూత్రం ఒకటుంది. కొనేవాడు భూమికి ఎంత దూరంలో ఉంటే ఆ భూమి అంత బంగారం.

నమ్మకపోతే మా హుస్నాబాద్ ప్లాటును హుస్నాబాద్ వాడికి అమ్మి చూడండి. వాడు పొద్దుమీకి బండేసుకొని పోయి చూసొస్తాడు. వానాకాలంలో ఆ మూలకు మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయని వాడికి తెలుసు. ఆ సర్వే నంబరు మీద అన్నదమ్ములు కోర్టుకెక్కిన సంగతీ తెలుసు. వెంచర్ గేటు పెట్టిన చోట నిన్నటిదాకా ఎవరి పశువుల కొట్టం ఉండేదో కూడా తెలుసు. అన్నీ తెలిసినవాడికి ఏం అమ్ముతాం? అదే ప్లాటును షార్జాలో, లేబర్ క్యాంపు గదిలో, మంచం మీద కూర్చొని ఫోన్లో డ్రోన్ వీడియో చూసే మనిషికి పది నిమిషాల్లో అంటగట్టొచ్చు.

మరి హుస్నాబాద్ వాడు ఊరికే ఉంటాడా? ఉండడు. వాడికోసం షాద్‌నగర్ ఉంది, సదాశివపేట ఉంది, యాదగిరిగుట్ట ఉంది. అక్కడ నీళ్లు ఏ మూలకు నిలుస్తాయో వీడికి తెలియదు కాబట్టి హాయిగా కొంటాడు. హైదరాబాద్ వాడికి దుబాయ్ ఉంది. ఇలా ఒకరి ఊరు ఇంకొకరు కొనుక్కుంటూ పోతే ఈ గొలుసుకు చివరి కొస ఎక్కడ తేలిందంటే, ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవులో తేలింది.

హైదరాబాద్ స్టార్ హోటళ్లలో సెలవు రోజు చూసి ఇంగ్లండు ఇళ్ల మేళాలు పెడుతున్నారు. ఏసీ హాలు, కాఫీ, బిస్కెట్లు, టై కట్టుకున్న కుర్రాళ్లు. లండన్ మన జేబుకు అందదు గనుక లివర్‌పూల్, మాంచెస్టర్, హల్ అని వరసగా తగ్గిస్తూ వస్తారు. ఆ పాంఫ్లెట్‌ను ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తే, హుస్నాబాద్ ఎల్లమ్మ చెరువు కట్ట మీద వాకింగ్ చేసే రిటైర్డ్ సార్ ఫోన్ దాకా వచ్చి పడుతుంది. సారుకు గ్రాట్యుటీ ఎప్పుడొస్తుందో ట్రెజరీకి తెలియకపోవచ్చు గానీ ఏజెంట్లకు తెలియకుండా ఉండదు.

పాంఫ్లెట్ మొదటి పేజీలో నది ఒడ్డున అద్దాల మేడ. దాని వెనక సూర్యాస్తమయం. మేడ ఇంకా లేవలేదు, కంప్యూటర్‌లో గీసింది. సూర్యుడూ కంప్యూటర్ వాడే. ఆ సంగతి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది: ఇది ఊహాచిత్రం మాత్రమే. రెండో పేజీలో మ్యాపు. అందులో కిలోమీటర్లు ఉండవు, నిమిషాలే ఉంటాయి. స్టేషన్ పది నిమిషాలు, యూనివర్సిటీ ఎనిమిది నిమిషాలు, స్టేడియం పన్నెండు నిమిషాలు. నడిచా, కారులోనా, కలలోనా అన్నది కొనేవాడి అదృష్టం. మూడో పేజీలో ‘8 శాతం గ్యారంటీ అద్దె’. చివరి పేజీలో మా దగ్గర కొన్న దేశాలు ఇవీ అని జెండాల వరస. హాంకాంగ్, సింగపూర్, దుబాయ్, మలేషియా, ఇండియా. ఇంగ్లండు జెండా మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఈ విద్యలో మన రియల్ ఎస్టేట్ తమ్ముళ్లు తెల్లవాళ్లకేం తీసిపోరు. హుస్నాబాద్‌కు రేవు లేదని చిన్నచూపు చూడొద్దు. లివర్‌పూల్‌కు ఉన్నది మెర్సీ నది ఒక్కటే. మాకు ఉమ్మాపూర్ దగ్గర ఏకంగా మహాసముద్రమే ఉంది. మహాసముద్రం గండి అంటారు. గుట్టల నడుమ ఉన్న గండి కాబట్టి ఓడలు రావు. కానీ బ్రోచర్‌లో ‘మహాసముద్రం ఫేసింగ్’ అని రాస్తే అబద్ధమని ఎవడంటాడు?

ఇక గౌరవెల్లి రిజర్వాయర్. వై.ఎస్. హయాంలో 1.41 టీఎంసీలు అనుకున్నది, తెలంగాణ వచ్చాక డిజైన్ మారి 8.23 టీఎంసీలు అయింది. కాలువలు పొలాలకు చేరేదాకా రైతు ఎదురుచూడాలి గానీ వెంచర్‌కు ఆ బాధ లేదు. రిజర్వాయర్ పేరు చెప్పగానే గజానికి రేటు పెరుగుతుంది, చుక్క నీరు అక్కర్లేదు. మెదక్ నుంచి సిద్దిపేట మీదుగా ఎల్కతుర్తి దాకా పోయే జాతీయ రహదారి ఊరి గుండా పోతుంది, అది ఒక పేజీ. శాతవాహన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, అది ఇంకో పేజీ. వరంగల్ మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది, కాబట్టి ఎయిర్‌పోర్టు కూడా మాదే. మనోహరాబాద్–కొత్తపల్లి రైలు సిద్దిపేట దాకా 2023 అక్టోబర్‌లోనే వచ్చింది. ఆ లైను సిరిసిల్ల, వేములవాడ దిక్కు తిరిగిపోతుంది, హుస్నాబాద్ ముఖం చూడదు. అయినా బ్రోచర్‌లో రైలు బొమ్మకు పట్టాలు అవసరమా?

ఊరు ఏ జిల్లాలో ఉందన్నది కూడా అమ్ముకోదగ్గ సరుకే. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి తీసి సిద్దిపేటలో కలిపారు. నియోజకవర్గం సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ మూడు జిల్లాల్లో చెల్లాచెదురైంది. మళ్లీ కరీంనగర్‌లో కలపమని జనం అడుగుతూనే ఉన్నారు. ఆఫీసు పనికి తిరిగేవాడికి ఇది తలనొప్పి. రియల్టర్ చేతిలో పడగానే ‘మూడు జిల్లాల కూడలి’ అయిపోయింది.

అన్నింటికన్నా మించినది లక్కు. 2018లో అసెంబ్లీ రద్దు చేసిన మర్నాడే, సెప్టెంబర్ 7న, కేసీఆర్ ఎన్నికల ప్రచారానికి కొబ్బరికాయ కొట్టింది హుస్నాబాద్‌లో. గెలిచారు. 2023 అక్టోబర్ 15న మళ్లీ ఇక్కడే కొట్టారు. ఓడారు. యాభై శాతం స్ట్రైక్ రేటు. ప్రీలాంచ్ వెంచర్లలో ఇంతకన్నా మంచి రికార్డు చూపించమనండి.

బస్టాండు ముందు టీ కొట్టు దగ్గర రోజూ ఇలాంటి మాటే నడుస్తుంటుంది.

“కాకా, నీ ఎకరంన్నరల మక్కలేస్తే ఏం మిగుల్తది? నాకియ్యి, ప్లాట్లు జేస్త.”

“జేసి ఆ పైసలు ఏంజేస్తవురా?”

“షాద్‌నగర్ దిక్కు ప్లాటు జూసిన. బయానా గూడ ఇచ్చిన.”

“నీకు అమ్మినోడు ఏంజేసిండు?”

“ఆయన దుబాయ్‌ల ఫ్లాటు దీస్కున్నడట.”

“దుబాయోడు?”

“లండన్‌ల జూస్తున్నడట.”

“మరి మక్కలు ఎవడు ఏస్తడురా?”

దీనికి తమ్ముడి దగ్గర జవాబు లేదు, టీ డబ్బులు మాత్రం ఇచ్చేశాడు. ఒకప్పుడు హుస్నాబాద్‌లో ఆకాశమంత ఎత్తున అమరవీరుల స్తూపం ఉండేది. ‘దున్నేవాడికే భూమి’ అని గోడల మీద ఎర్రరంగుతో రాసేవారు. స్తూపం పోయింది. గోడలున్నాయి, రంగు మారింది. ‘గోడ దూకకుండానే గజం 6,999’ తరహా కవిత్వం వచ్చింది. భూమి ఇప్పుడు దున్నేవాడిదీ కాదు, ఏలేవాడిదీ కాదు. ఎకరాల్లో కొని గజాల్లో అమ్మేవాడిది.

ఇంతకీ లివర్‌పూల్ సంగతి. ఆ ఊరికి చరిత్ర లేదని ఎవరూ అనలేరు. బానిసల ఓడలతో బలిసి, పత్తితో పొంగి, సామ్రాజ్యంతో పాటు వంగిన ఊరు. 1930లలో దాదాపు ఎనిమిదిన్నర లక్షల జనం ఉండేవారు. సరుకు కంటైనర్లలోకి మారి, ఓడలు వేరే రేవులు చూసుకున్నాక 1972లో ఆల్బర్ట్ డాక్ మూతపడింది. జనాభా సగానికి దగ్గరగా పడిపోయింది. 1981లో టాక్స్‌టెత్ అల్లర్ల తర్వాత థాచర్ ప్రభుత్వం హెసెల్‌టైన్ అనే మంత్రిని పంపి ఊరిని లేపమంది. 1988లో ఆల్బర్ట్ డాక్ మ్యూజియంలు, హోటళ్లతో మళ్లీ తెరుచుకుంది. 2008లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయింది. అంటే ఊరు లేస్తున్నది నలభై ఏళ్లకు పైగా. ఏజెంటు మాత్రం నిన్ననే నిద్ర లేచినట్టు చెబుతాడు.

రేవుకు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ఆ ఒడ్డునే కొత్త కట్టడాలు ముంచెత్తుతున్నాయని 2021 జులైలో ఆ గుర్తింపు పీకేసింది. పాత రేవు అందం చూపించి కొత్త మేడలు అమ్మారు. కొత్త మేడల పుణ్యాన పాత రేవు పరువు పోయింది. బ్రోచర్లో మాత్రం వారసత్వం చెక్కుచెదరలేదు. అదే ఏడాది నగరపాలక సంస్థలో ప్లానింగ్, ఆస్తుల, రోడ్ల వ్యవహారాలు ఎంత గబ్బు పట్టాయో మాక్స్ కాలర్ అనే అధికారి నివేదిక రాస్తే, లండన్ నుంచి కమిషనర్లను పంపి పెత్తనం చేయించాల్సి వచ్చింది. మన మున్సిపాలిటీలకు స్పెషల్ ఆఫీసర్లు వస్తే మనం సిగ్గుపడతాం. వాళ్ల కమిషనర్లు వస్తే మనం ఫ్లాటు బుక్ చేస్తాం.

2015లో ఆర్భాటంగా ప్రకటించిన న్యూ చైనాటౌన్ ప్రాజెక్టు కథ ఇంకా ముచ్చటైనది. 20 కోట్ల పౌండ్ల పథకం. కట్టకముందే కాగితం మీద ఫ్లాట్లు అమ్మారు. కొన్నవాళ్లలో ఎక్కువమంది హాంకాంగ్, చైనా వాళ్లు. వాళ్లు కట్టిన అడ్వాన్సులతో కట్టడం మొదలై, మధ్యలోనే ఆగిపోయింది. ప్రీలాంచ్ అంటే ఇదే. దీన్ని మన హైదరాబాదీలే కనిపెట్టారని గర్వపడేవాళ్లు ఆ గర్వం కాస్త తగ్గించుకోవాలి. సూత్రం గుర్తుందా? లివర్‌పూల్ వాడికి అమ్మలేనిది హాంకాంగ్ వాడికి అమ్మారు.

మనకూ లివర్‌పూల్‌కూ పాత బాకీ కూడా ఉంది. 1860లలో అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులకు బీరార్, దక్కన్ పత్తి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లివర్‌పూల్ దళారులు ధర చెబితే ఇక్కడి నల్లరేగళ్లలో రైతు తలరాత మారేది. యుద్ధం ముగిసింది, ధర కూలింది, అప్పు మాత్రం రైతు మెడకు మిగిలింది. ఆ రోజు మన పత్తికి ధర చెప్పింది వాళ్లే. ఈ రోజు వాళ్ల ఫ్లాటుకు ధర చెబుతున్నదీ వాళ్లే. నూటయాభై ఏళ్లలో మనం సాధించిన పురోగతి ఏమిటంటే, ఇప్పుడు ఏసీ హాల్లో కూర్చొని వింటున్నాం.

రిటైర్డ్ సార్ మురిసిపోయే ‘లండన్‌లో ఇల్లు’ అసలు ఏమిటో చూద్దాం. ఇంగ్లండులో ఫ్లాట్లు ఎక్కువగా లీజు పద్ధతి మీదే అమ్ముతారు. 125 ఏళ్లు, 250 ఏళ్లు అని కాగితం రాసిస్తారు. కింద నేల ఇంకొకరిది. నిర్వహణకు ఏటేటా వాళ్లు వేసినంత సర్వీస్ చార్జీ. పాత లీజుల్లో నేల అద్దె అదనం. దీన్ని మన ఊళ్లో కౌలు అంటారు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం తెచ్చి, 38-ఈ సర్టిఫికెట్లు ఇచ్చి, కౌలుదారును పట్టాదారును చేయడానికి తెలంగాణ తాతలు ఎంత కొట్లాడారు! మనవలేమో కోటి రూపాయలు ఎదురిచ్చి దొరల దేశంలో కౌలుదారులు కావడానికి లైన్లో నిలబడుతున్నారు.

‘8 శాతం గ్యారంటీ’ కిటుకు ఇంకా తేలిక. ఉదాహరణకు బజారులో 80 వేల పౌండ్లు చేసే గది ఉందనుకోండి. దాన్ని దూరదేశపు సార్‌కు లక్ష పౌండ్లకు అమ్ముతారు. రెండేళ్లపాటు ఏడాదికి 8 శాతం, అంటే మొత్తం 16 వేల పౌండ్లు, టంచనుగా పంపిస్తారు. సార్ నెలనెలా మెసేజ్ వచ్చినప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి బంధువులకు పెడతాడు. ఎక్కువగా తీసుకున్న 20 వేలలోంచే ఆ 16 వేలు వచ్చాయని ఆయనకు తట్టదు. మూడో ఏడు గ్యారంటీ అయిపోతుంది. అప్పుడు అద్దెకు మనిషిని వెతకాలి. వెతికేది హుస్నాబాద్ నుంచి. మన దగ్గరి ‘బై బ్యాక్’ స్కీములు, శ్రీగంధం చెట్ల ఫామ్‌ల్యాండ్లు ఈ తానులో ముక్కలే. చెట్టు పెరిగేదాకా కంపెనీ ఉంటే కదా.

ఇక పన్ను. బయటి దేశంలో ఉండేవాడు ఇల్లు కొంటే ఇంగ్లండు 2021 ఏప్రిల్ నుంచి స్టాంపు డ్యూటీ మీద ఇంకో 2 శాతం వేస్తోంది. ప్రపంచంలో ఎక్కడైనా ఇంకో ఇల్లు ఉంటే 2024 అక్టోబర్ చివర నుంచి 5 శాతం అదనం. ప్రపంచంలో ఎక్కడైనా అంటే హుస్నాబాద్ కూడా ప్రపంచంలోనే ఉంది. సార్ కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు 40 వేల పౌండ్ల విలువకు చేరిందంటే ఇంగ్లండు రాజుగారి లెక్కలోకి ఎక్కుతుంది. మన మున్సిపాలిటీ ఇంటి పన్ను నోటీసులో తప్పు పడే ఆ ఇంటిని లండన్ మాత్రం బాగా గుర్తుపడుతుంది. ఇక్కడి నుంచి డబ్బు పంపేటప్పుడు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే హద్దు. పెట్టుబడికి ఏడాదిలో పంపే సొమ్ము 10 లక్షలు దాటితే ఆ పైదాని మీద బ్యాంకు 20 శాతం ముందస్తు పన్ను (టీసీఎస్) పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుకోవచ్చు, నిజమే. కానీ ఆ మాట చెప్పాల్సిన టై కుర్రాడు అప్పటికి బిస్కెట్లు తెస్తానని లేచిపోయి ఉంటాడు.

ఇంత విన్నాక కూడా ఒక పెద్దమనిషి లేస్తాడు. “అట్లయితే అభివృద్ధి అబద్ధమా? ఆల్బర్ట్ డాక్ బాగుపడలేదా? గౌరవెల్లి కట్టలేదా?” అని. అబద్ధం కాదండీ. అక్కడే అసలు మతలబు ఉంది. రేవు నిజం, రిజర్వాయర్ నిజం, రోడ్డు నిజం. వాటికి మూల్యం చెల్లించినవాళ్లు వేరు, వాటిని అమ్ముకుంటున్నవాళ్లు వేరు. గౌరవెల్లి కింద గుడాటిపల్లి ఊరు ఊరే పోయింది. పరిహారం పూర్తిగా ఇవ్వమని అడిగిన నిర్వాసితుల మీద 2022 జూన్‌లో లాఠీలు లేచాయి. ఆ ముంపు ఊళ్ల ఇంటి గోడలు నీళ్లలో కలిస్తే, ఆ నీళ్లు చూపించి ‘లేక్ వ్యూ’ అని గజానికి రెండు వేలు పెంచేవాడు అభివృద్ధికి ఒక్క తట్ట మట్టి మోసినవాడు కాదు. లివర్‌పూల్‌ను మళ్లీ నిలబెట్టింది అక్కడి జనం కట్టిన పన్నులు, వాళ్ల పాటలు, వాళ్ల ఫుట్‌బాల్. కమీషన్ మాత్రం స్టార్ హోటల్లో పంచుకుంటారు. ఊరు బాగుపడటం ఒకటి, ఆ ఊళ్లో మీరు కొన్న గది బాగుపడటం ఇంకొకటి. బ్రోచర్ మొదటిది చూపించి రెండోది అమ్ముతుంది.

చట్టాలు లేకనా ఇదంతా? 2016లో రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది యూనిట్లు దాటిన ప్రాజెక్టు ఏదైనా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు పట్టకూడదు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్న రాష్ట్రంలోనే 2020లో అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోండని ప్రభుత్వం పిలిస్తే సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఏళ్ల తరబడి నానిన ఆ దరఖాస్తులకు 2025లో పాతిక శాతం రాయితీ ఇస్తామని మళ్లీ బతిమాలాల్సి వచ్చింది. పక్క మండలంలో కొన్న ప్లాటుకే ఇంత తిప్పలు పడ్డ జనం, మన రెరా చేయి చాచినా అందని లివర్‌పూల్‌లో కొంటే న్యాయం కోసం ఏ బస్సెక్కుతారు?

కాబట్టి చేతులు జోడించి ఒక్క మనవి. బ్రోచర్ హుస్నాబాద్‌ది అయినా, షాద్‌నగర్‌ది అయినా, లివర్‌పూల్‌ది అయినా బయానా చేతిలో పెట్టే ముందు మూడు పనులు చేయండి. ఇక్కడి ప్లాటైతే రెరా నంబరు, లేఅవుట్‌కు అనుమతి (ఎల్‌పీ) నంబరు అడిగి ఆన్‌లైన్‌లో మీరే చూసుకోండి, ఏజెంటు ఫోన్లో చూపించేది కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించండి, ముప్ఫై ఏళ్లది. చివరగా, ప్లాటు ఎక్కడిదైనా సరే, ఆ ఊళ్లోనే, ఆ వీధిలోనే ఉండే ఇద్దరిని పట్టుకొని అడగండి: “మీరు కొన్నారా?” అని. వాళ్లు కొనని దాన్ని మీరు కొనొద్దు.